పాఱవేయరాని పాతవస్తువులు

2025వ సంవత్సరము ఆగస్టు 27వ తేదీని కామారెడ్డి ప్రాంతమున కురిసిన వాన మనలో నెవ్వరును మఱవగలిగినది కాదు. రాజంపేట మండలములోని ఆర్గొండలో నొక్క దినమున 40 సెంటీమీటర్లకు మించిన వర్షము పడెను. పట్టణములోని పల్లపు కాలనీలు నీట మునిగెను. రైలు పట్టాల క్రింది మట్టి కొట్టుకొనిపోయి బండ్లు నిలిచిపోయెను. 44వ జాతీయ రహదారి కోతపడెను. ఎల్లారెడ్డి వైపున నూఱేండ్లనాటి పోచారము ఆనకట్ట నిలుచునో నిలువదోయని యెల్లరును భయపడిరి. ఆనకట్ట నిలిచినది. నీరు తీసిన పిమ్మట జనులు బురద నెత్తి పోసికొనుచు, చెడిన సామానును వాకిళ్లముందు కుప్పలు వేసిరి.

అట్టి కుప్ప యొకటి మా బంధువుల యింటిముందు నేను చూచితిని. నానిన బియ్యపు మూటలు, పరుపులు, పిల్లల పుస్తకములు అడుగున నుండెను. వానిపైన నొక టెలివిజను, ఇన్వర్టరు బ్యాటరి యొకటి, మాత్రల డబ్బా, విఱిగిన ట్యూబులైటు, పొలమునకై తెచ్చి సగము వాడిన పురుగుమందు సీసాలు రెండు పడియుండెను. ఎనిమిదవ తరగతి చదువుచున్న ఆ యింటి బాలుడు నన్ను చూచి, "మామయ్యా, ఇవన్నియు నొక్క బండిలోనే వేయుదురా?" అని యడిగెను. నేను పదియైదేండ్లుగా పిల్లలకు రసాయనశాస్త్రము చెప్పుచున్నవాడను. అయినను ఆ ప్రశ్నకు నాకు వెంటనే సమాధానము తోచలేదు. అటుపిమ్మట చదివియు, తెలిసినవారి నడిగియు నేర్చుకొన్న సంగతులను చదువరుల యెదుట నుంచుచున్నాను.

మన తాతల యిండ్లలో పాఱవేయదగినది మిక్కిలి తక్కువ. కుండ పగిలినచో మట్టిలో కలిసెను. చీర చినిగినచో బొంత యయ్యెను. ఇత్తడి బిందె సొట్టపడినచో కంచరివాని యొద్దకు మరల పోయెను. ఇనుప ముక్కలకు బదులు ఉల్లిగడ్డలు తూచి యిచ్చు తోపుడు బండివారు మన వీధులలో నేటికిని తిరుగుచునే యున్నారు. ఈ బేరము పూర్వపు వస్తువులకు చక్కగా సరిపోయెను. కాని గడచిన నలువది యేబది యేండ్లలో మన యిల్లు తెలియకుండగనే యొక చిన్న రసాయనశాల యైనది. పాదరసము, సీసము, కాడ్మియము, ఆమ్లములు, విషములు అలమరలలోను మంచముల క్రిందను చేరినవి. వాడుట నేర్చితిమి గాని విడుచుట నేర్వలేదు. 2016లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన ఘనవ్యర్థముల నిబంధనలు తడిచెత్త, పొడిచెత్తలతోపాటు ఇంటి ప్రమాదకర వ్యర్థములను మూడవ తరగతిగా పేర్కొనినవి. రంగుడబ్బాలు, పురుగుమందు డబ్బాలు, దీపపు గొట్టములు, కాలము తీరిన మందులు, పగిలిన థర్మామీటర్లు, వాడిన బ్యాటరీలు, సూదులు ఆ పట్టికలోనివే.

మన ప్రాంతమున వీనిలో మొదట చెప్పవలసినది పురుగుమందు డబ్బా. వరి, మొక్కజొన్న, చెఱకు పండించు ఊళ్లలో నిది లేని యిల్లు అరుదు. డబ్బా గట్టిది, మూత బిగువైనది, చూచుటకు ముచ్చటగా నుండును. కాబట్టి దానిని కడిగి కిరసనాయిలు పోసికొనువారున్నారు, ఉప్పు పోసికొనువారున్నారు, పొలమునకు త్రాగునీరు తీసికొనిపోవు వారిని సైతము నేను చూచితిని. బీహారు రాష్ట్రమున సారణ్ జిల్లాలోని గండామన్ గ్రామమున 2013 జులై 16వ తేదీని ప్రాథమిక పాఠశాలలో మధ్యాహ్నభోజనము తినిన పిల్లలలో 23 మంది మరణించిరి. వంటకు వాడిన నూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు కలిసినట్లు పరీక్షలో తేలెను. పురుగుమందు నిలువయున్న పాత్రలో నూనె పోసియుందురని విచారణ చేసినవారు చెప్పిరి. ఆ పిల్లలు మన ప్రాథమిక తరగతులలోని పిల్లల యీడువారే. డబ్బాను నాలుగుమార్లు కడిగితిమి, వాసన పోయినది, ఇక భయము లేదని తలచువారు ఈ సంగతి నొక్కసారి తలచుకొనవలెను. ఇట్టి మందులు ప్లాస్టికులోనికి ఇంకును. వాసన పోయినంత మాత్రమున విషము పోదు.

అయినచో కడుగుటెందులకు? తిరిగి వాడుటకు కాదు, విషమును పొలముననే వినియోగించుటకు. మందు పూర్తిగా వంచిన వెంటనే డబ్బాలో నాలుగవ వంతు నీరు పోసి, మూత బిగించి, అర నిమిషము బాగుగా కుదిపి, ఆ నీటిని పిచికారి ట్యాంకులోనే పోయవలెను. ఇట్లు మూడుమార్లు చేయవలెను. కడిగిన నీరు కాలువలోగాని చెఱువులోగాని బోరుబావి దగ్గఱగాని పోయరాదు. పిమ్మట డబ్బా అడుగున మేకుతో రంధ్రములు పొడిచిన యెడల దానిని మఱొకరు వాడుకొనుట కవకాశముండదు. 1971 నాటి క్రిమిసంహారక నిబంధనలు ఖాళీ డబ్బాలను బయట విడువరాదనియు, పగులగొట్టి జనవాసములకు దూరముగా పూడ్చవలెననియు చెప్పినవి. ఇప్పటి శాస్త్రజ్ఞులు పూడ్చుటకంటె కడిగిన డబ్బాలను ఒకచోట చేర్చి తిరిగి కరగించువారికి అప్పగించుటయే మేలని చెప్పుచున్నారు. గట్టుమీద వేసి తగులబెట్టుట మాత్రము అన్నిటికంటె చెడ్డది. ఆ పొగ మొదట తగులబెట్టినవాని ఊపిరితిత్తులలోనికే పోవును. వడ్ల గాదెలలో పురుగు పట్టకుండ నుంచు అల్యూమినియము ఫాస్ఫైడు మాత్రలను గూర్చి యొక్క మాట: వీనికి తడి తగిలినచో ఫాస్ఫీను అను ప్రాణాంతకమగు వాయువు పుట్టును. అందుచేత తడిచెత్తలోను, మురుగు కాలువలోను వీనిని వేయరాదు. వరద తగిలిన గదిలో ఇవి యున్నవని తెలిసినచో లోనికి పోక, తలుపులు తెఱచి, దూరముగా నుండి, వ్యవసాయాధికారికి కబురు చేయవలెను.

ఇక పాదరసము. ఈ లోహమునకు పిల్లలను ఆకర్షించు శక్తి యెట్లబ్బెనో తెలియదు! నేను చదువుకొన్న దినములలో ప్రయోగశాలలో థర్మామీటరు పగిలినచో మేము సంతోషించెడివారము. వెండి పూసలవలె దొర్లు బిందువులను అరచేతిలో వేసికొని యాడితిమి, పాతనాణెములకు పూసి మెఱపించితిమి. మమ్ము వారించినవారు లేరు. పాదరసము మామూలు గది వేడిమికే కొంచెము కొంచెముగా ఆవిరియగుననియు, ఆ యావిరి రంగు వాసనలు లేనిదై నరములను చెఱచుననియు నాకు తరువాత గాని తెలియలేదు. మ్రింగిన పాదరసముకంటె పీల్చిన యావిరి యెక్కువ చెడ్డది.

జ్వరము చూచు గాజు థర్మామీటరులో సుమారు అర గ్రాము మొదలు ఒక గ్రాము వఱకు పాదరసముండును. అది నేలపై పగిలినచో పిల్లలను, చంటిబిడ్డలను ముందుగా వెలుపలికి పంపి, కిటికీలు తెఱచి, పంకా నిలుపవలెను. బంగారు ఉంగరములు, గాజులు తీసివేయవలెను, ఏలయన పాదరసము బంగారమును పట్టుకొని తెల్లగా మార్చివేయును. చీపురుతో నూడ్చుట పెద్ద పొరపాటు. ఒక బిందువు నూఱు బిందువులై మూలలలోనికి పోవును. రెండు దళసరి అట్టముక్కలతో బిందువులను ఒకదానికొకటి చేర్చి, ఎత్తి, మూత బిగువుగల సీసాలో వేయవలెను. మిగిలిన సూక్ష్మబిందువులను తడి దూదితో నద్ది, ఆ దూదిని సైతము సీసాలోనే వేయవలెను. పగుళ్లలో చిక్కినదానిపై గంధకపు పొడి చల్లుట మన పాఠ్యపుస్తకములలోని పద్ధతియే. రెండును కలిసి గంధకిదముగా మాఱును. కాళ్ల తొట్టిలోగాని దొడ్డిలోగాని కడిగి పోయరాదు.

ఒక్క గ్రామున కింత హడావుడి యెందులకని నవ్వువారికి కొడైకెనాలు సంగతి చెప్పవలెను. ఆ కొండ యూరిలో థర్మామీటర్లు చేయు కర్మాగారమొకటి యుండెను. పాదరసమంటిన పగిలిన గాజును టన్నులకొలది పాతసామానుల వర్తకునకు అమ్మినట్లు బయటపడగా, 2001లో ఆ కర్మాగారము మూతపడెను. నేల శుద్ధి చేయు పని యేండ్ల తరబడి సాగెను. జపానులోని మినమాతా తీరమున 1956లో బయటపడిన వ్యాధి యింకను ఘోరమైనది. కర్మాగారము సముద్రములో విడిచిన పాదరస సంయోగము చేపలలో చేరి, చేపలనుండి మనుష్యులలో చేరి, వేలకొలది జనుల నరములను చెఱచెను. ఆ యూరి పేరుతోనే 2013లో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడికను భారతదేశము 2018లో ఆమోదించెను. ఇప్పుడు పాదరసము లేని థర్మామీటర్లు అంగళ్లలో సులభముగా దొరకుచున్నవి. పాతది పనిచేయుచున్నను దానిని జాగ్రత్తగా పక్కకు పెట్టుటయే మంచిదని నా యభిప్రాయము.

ట్యూబులైటులలోను, సి.ఎఫ్.ఎల్. దీపములలోను పాదరసము కొలది మిల్లీగ్రాములే. కాని వానిని చెత్తబండిలోనికి విసరి ఫటిల్లుమను చప్పుడు విని యానందించుట మన వీధులలో పిల్లల యాటగా నున్నది. బండిలోనున్న కార్మికుని ముఖము ఆ చప్పుడునకు మూరెడు దూరమున నుండునని ఎవరును తలపరు. గొట్టమును అది వచ్చిన యట్టపెట్టెలోనే నిలువబెట్టి యుంచవలెను.

బ్యాటరీల మాట చెప్పుదును. వరదలో తడిసిన ఆ ఇన్వర్టరు బ్యాటరిని ఎత్తుటకు బాలుడు చేయి చాపగా నేను వారించితిని. దానిలో గంధకామ్లముండును. దాని బరువులో సగమునకు పైగా సీసమే. సీసము విలువగలది గనుక, ఈ వస్తువు నెవ్వరును పాఱవేయరు. పాతదానిని తీసికొని క్రొత్తదాని ధరలో తగ్గించు ఆచారము మన అంగళ్లలో నున్నది. 2001 నాటి నిబంధనలే వర్తకుడు పాతదానిని తిరిగి తీసికొనవలెనని చెప్పినవి. 2022లో వచ్చిన నిబంధనలు ఆ భారమును తయారుచేయువారిపై నుంచి, అన్ని రకముల బ్యాటరీలకును వర్తింపజేసినవి. చిక్కెక్కడ ననగా, నాలుగు రూపాయలెక్కువ యిచ్చెదనని పెరటిలో పగులగొట్టి సీసము కరగించువాని కమ్ముటలో నున్నది. సెనెగలు దేశమున థియారాయ్ అను చోట ఇట్లే పాత బ్యాటరీల మట్టిని జల్లించి సీసము తీసిరి. 2007 నవంబరు మొదలు 2008 మార్చి వఱకు ఐదు నెలలలో 18 మంది పిల్లలు మరణించిరి. సీసము పెద్దలకంటె పిల్లలను త్వరగా పట్టును. తక్కువ మోతాదులో నున్నను బుద్ధిమాంద్యము కలిగించును. కావున రశీదిచ్చు అంగడికే పాత బ్యాటరిని ఇయ్యవలెను. ఆమ్లము కారుచున్నచో దానిని ఒరగనీయక, ప్లాస్టికు తొట్టిలో నుంచి, రబ్బరు తొడుగులతో నెత్తవలెను.

చరవాణిలోని లిథియము బ్యాటరి వేఱు జాతికి చెందినది. అది ఉబ్బినచో గ్రుచ్చరాదు, వంచరాదు, ఎండలో నుంచరాదు. చెత్తబండిలో నొత్తిడి తగిలి యవి నిప్పంటుకొనుట దేశదేశములయందును జరుగుచున్నది. కొసలకు ప్లాస్టరు అంటించి యుంచవలెను. అన్నిటికంటె చిన్నవియు అన్నిటికంటె మోసకరమైనవియు గడియారములలోను ఆటబొమ్మలలోను నుండు గుండీవంటి బ్యాటరీలు. పసిపిల్లలు వానిని మ్రింగినచో రెండు గంటలలోనే అన్ననాళము కాలి పుండగును. నీరసపడినట్లు తోచిన బ్యాటరి సైతము ఈ హాని చేయగలదు. మ్రింగెనను అనుమానము కలిగిన తక్షణమే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. వాంతి చేయింపరాదు.

మందుల విషయమున మన ప్రాంతమునకు ప్రత్యేకమైన సంబంధము కలదు. మన నిజాంసాగరమునకు నీరు తెచ్చు మంజీరకు పటాన్‌చెరువు ప్రాంతపు నక్కవాగు వచ్చి కలియును. ఆ ప్రాంతపు మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడు నీటిని స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితములు ప్రకటించిరి. లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు దానిలో నుండెను. ఆ మందు మ్రింగిన రోగి రక్తములో నుండుదానికంటె నది యెక్కువ. అట్టి నీటిలో బ్రతుక నేర్చిన సూక్ష్మజీవులు మన మందులకు లొంగవు. ఇది కర్మాగారముల దోషమే గాని ఇండ్ల దోషము కాదు, నిజమే. అయినను మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలను మనము కాలువలో పోయునపుడు అదే పనిని చిన్న కొలతలో చేయుచున్నాము.

కాలము తీరిన మాత్రలను మందుల అంగడివాడు తీసికొన్నచో వానికీయవలెను. తీసికొననిచో మాత్రలను రేకునుండి తీసి, మట్టితోనో వాడిన టీపొడితోనో కలిపి, మూటగట్టి, ప్రమాదకరములగు వ్యర్థములలో చేర్చవలెను. మత్తుగొలుపు బలమైన నొప్పిమందులు మొదలగు 17 మందులను మాత్రము, ఇతరుల చేతికి చిక్కుట మఱింత అపాయము గనుక, దొడ్డిలో పోసి నీరు విడువవలసినదని 2025లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ పట్టిక ప్రకటించెను. మధుమేహరోగులు వాడు సూదులను దళసరి ప్లాస్టికు సీసాలో వేసి, మూతవేసి, నిండిన పిమ్మట ఆసుపత్రిలో నప్పగించవలెను. చెత్తను చేతులతో వేరుచేయు స్త్రీ యొకతె తన వ్రేలి గాయము నాకు చూపించినది. సూది గ్రుచ్చుకొన్నపుడు అది యెవరి రక్తమంటినదో యెఱుగక ఆమె ఆఱు నెలలు భయపడెనట.

స్నానపు గదులు కడుగు ఆమ్లమును, బ్లీచింగు పొడిని కలిపినచో క్లోరిను వాయువు పుట్టునని మన పదవ తరగతివారెల్లరు నెఱుగుదురు. మిగిలినదానిని పాఱబోయునపుడు గూడ ఒకే తూములో వెంటవెంటనే పోయరాదని మాత్రము చేర్చెదను. పేలని టపాకాయలను ఒక రాత్రి నీట నానబెట్టవలెను.

పాత టెలివిజనులు, కంప్యూటర్లు, ఫోనులు ధనము దాగియున్న చెత్త. వాని పలకలలో రాగి, వెండి, బంగారము నుండును. హైదరాబాదులోని చర్లపల్లి యొద్ద నున్న సీ-మెట్ అను కేంద్రప్రభుత్వ పరిశోధనాలయము ఈ పలకలనుండి లోహములను హానిలేకుండ తీయు పద్ధతిని రూపొందించెను. పాతకాలపు లావుపాటి టెలివిజను గాజుబుడ్డిలో సీసము కలదు గనుక దానిని పగులగొట్టరాదు. తీగెలను కాల్చి రాగి తీయుట సైతము తగదు. 2023 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన నిబంధనలను బట్టి, ఇట్టి వస్తువులు తయారుచేయువారే పాతవానిని తిరిగి చేర్చు బాధ్యత వహింపవలెను.

ఇచట నొక వింత చెప్పక మానలేను. పెండ్లి ఊరేగింపులలో వెలిగిన పెట్రోమాక్సు దీపములు మీ యిండ్ల అటకలమీద నున్నవేమో చూడుడు. 1891లో ఆవుయర్ అను ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు నూటికి 99 పాళ్లు థోరియము, ఒక పాలు సీరియము కలిపి ఆ దీపపు వలను చేసెను. థోరియము రేడియోధార్మికమైనది! మన తాతలు దానిని చేతితో కట్టి, ఊది, బూడిద రాల్చిరి. ఆ కిరణములు స్వల్పములు గనుక భయపడి దీపమును బావిలో పాఱవేయ నక్కఱలేదు. వల బూడిదను మాత్రము పీల్చక, తడిపి, సంచిలో కట్టవలెను. కాని రూపము తెలియని లోహపు పాత్ర పాతసామానులలో కనబడినచో దానిని కోయించుట వేఱు మాట. 2010 ఏప్రిలులో ఢిల్లీ మాయాపురి అంగళ్లలో ఇట్లే జరిగెను. విశ్వవిద్యాలయము వేలము వేసిన పాత యంత్రములో కోబాల్టు-60 ఉండెను. దానిని విడదీసినవారిలో నొక కార్మికుడు మరణించెను, మఱికొందఱు గాయపడిరి.

ఇన్ని చెప్పితిరి, చివరకు ఎక్కడ ఇయ్యవలెనని చదువరులడుగుదురు. హైదరాబాదు శివారున దుండిగల్లు యొద్ద ప్రమాదకర వ్యర్థములను శుద్ధిచేసి పూడ్చు కేంద్రమొకటి 2001 నుండి కలదు. అది మనకు సుమారు నూఱు కిలోమీటర్ల దూరము. ఒక్కొక్క యిల్లు రెండు బ్యాటరీలు పట్టుకొని అంత దూరము పోలేదు. ఊరంతయు నొకచోట చేర్చినచో పంపుట సాధ్యము. కామారెడ్డికి పురపాలకసంఘము కలదు, ఎల్లారెడ్డి సైతము 2018లో పురపాలకసంఘమైనది. గ్రామములకు 2019లో పల్లెప్రగతి క్రింద ట్రాక్టరులు, చెత్త వేరుచేయు షెడ్లు వచ్చినవి. బండి వచ్చుచున్నది, షెడ్డు ఉన్నది. వానిలో నీ మూడవ జాతి చెత్తకు తాళముగల యొక పెట్టె యుండవలెనని మనము వ్రాతమూలముగా కోరవచ్చును. పదిమంది సంతకములు చేసిన విన్నపమును అధికారులు చదువకపోరు.

ఆ లోపల మా ప్రయోగశాలలో బల్ల క్రింద రేకుపెట్టె యొకటి యుంచితిమి. పైన పుఱ్ఱె బొమ్మ వేసి, "మూత తీయువారు సార్‌ను పిలువవలెను" అని వ్రాసితిమి. నెలకొకసారి లెక్కవ్రాసి వేఱు వేఱు సీసాలలో సర్దుచున్నాము. ఇప్పటివఱకు చేరినవి పగిలిన థర్మామీటర్లు మూడు, ఉబ్బిన ఫోను బ్యాటరీలు ఏడు, చిన్న బ్యాటరీలు రెండు వందలకు పైచిలుకు. ట్యూబులైటులు పెట్టెలో పట్టనందున అలమర వెనుక నిలువబెట్టితిమి. పురుగుమందు డబ్బాలను బడికి తేవలదని పిల్లలకు గట్టిగా చెప్పితిమి. వరదనాడు నన్ను ప్రశ్నించిన బాలుడు మొన్న తన చెల్లెలి పాటలు పాడు బొమ్మనుండి గుండీ బ్యాటరీలు మూడు తీసి, ఒక్కొక్కదానికి రెండువైపుల ప్లాస్టరు చుట్టి, కాగితములో పొట్లము కట్టి తెచ్చి నా చేతి కిచ్చెను.